ఓపిక లేని రోజుకు సరిపడే పుస్తకం

(దీర్ఘకాలిక జబ్బులతో ఉన్నవారి కోసం, వారి ఇంటివారి కోసం విజయవాడలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభలో వచ్చిన కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట. గంటసేపు ఒకే తీరున కూర్చోవడం మీలో చాలామందికి కష్టం. లేచి నిలబడండి, వెనక గోడకు ఆనుకోండి, బయటికెళ్లి తిరిగి రండి. ఎవరూ ఏమీ అనుకోరు.

డిసెంబరు చివర్లో బీసెంట్ రోడ్డులో నడిస్తే ఏ స్టేషనరీ కొట్టు ముందు చూసినా డైరీలు గుట్టలుగా ఉంటాయి. బీమా ఏజెంటు ఇచ్చింది ఒకటి, బ్యాంకువాళ్లు ఇచ్చింది ఒకటి ఇంట్లోనే ఉంటాయి, అయినా ఈసారి గట్టిగా రాద్దామని ఇంకోటి కొంటాం. ఒకటో తేదీన మంచి దస్తూరీతో మొదలు. భోగి దాకా నడుస్తుంది. కనుమ నాటికి ఒంట్లో బాగుండదు, నాలుగు పేజీలు ఖాళీ. అయిదో రోజున తెరిస్తే తేదీ అచ్చేసిన ఆ నాలుగు ఖాళీ పేజీలు మనల్ని నిలదీస్తున్నట్టు ఉంటాయి. ఇక ఆ డైరీ పాలలెక్కకు పనికొస్తుంది.

తప్పు మీ క్రమశిక్షణది అనుకుంటారు. పుస్తకం ఎంచుకున్న రోజుది తప్పు. ఒంట్లో బాగున్న రోజున, కొట్లో నిలబడి, బాగున్న మనిషికి సరిపడే పుస్తకం కొన్నారు. తెలుగులో ఓపిక అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి కదా, ఒంట్లో సత్తువ, మనసులో సహనం. రెండూ ఒక్కసారే అడుగంటే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు మీరు మంచం మీద పడుకుని, ఎడమచేత్తో పట్టుకుని ఎంత రాయగలరో అంతకే పుస్తకం ఉండాలి.

రెండో తప్పు, అన్నీ ఒకే పుస్తకంలో కుక్కడం. మన వ్యాపారస్తులకు ఇది ఎప్పుడో తెలుసు. ఇక్కడి వన్‌టౌన్ కొట్లలో అయినా, గుంటూరు మిర్చి యార్డులో అయినా పాత గుమాస్తాలను అడగండి. చిట్టా వేరు, ఆవర్జా వేరు. ఏ రోజు జరిగింది ఆ రోజు, జరిగిన వరసలో గబగబా రాసేది చిట్టా. అందులోంచి తీసి, ఎవరి ఖాతా వాళ్లకు ఎక్కించేది ఆవర్జా. చిట్టా గజిబిజిగా ఉన్నా ఫరవాలేదు, ఆవర్జా తేటగా ఉండాలి. జబ్బు లెక్కకూ ఇదే పద్ధతి. రోజువారీ నిద్ర, నొప్పి, నీరసం చిట్టాలోకి. మందుల జాబితా, పరీక్షల అంకెలు, ఏ మందు పడలేదు, ఎందుకు ఆపారు అన్నవి ఆవర్జాలోకి. ఈ రెండూ ఒకే డైరీలో కలిస్తే, మొన్నటి మార్చిలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే అంకె) ఎంత అని డాక్టరు అడిగినప్పుడు డెబ్బై పేజీలు తిప్పాలి.

ఇవి కాక మూడోది మన గోడ మీద ఉండనే ఉంది, తెలుగు క్యాలెండరు. తిథి, వర్జ్యం, రాహుకాలం చూడటానికి రోజూ ఎవరో ఒకరు దాని ముందు నిలబడతారు. గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో ఆ గడిలోనే రాస్తారు. ఇంటిల్లిపాదీ చూసే పుస్తకం అదొక్కటే. అందుకని నలుగురికీ తెలియాల్సినవి అక్కడికే వెళ్లాలి: డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు, రక్తపరీక్ష రోజు, మందులు కొనాల్సిన రోజు. పెన్సిలుతో రాయండి, తేదీలు మారుతుంటాయి. రక్తపరీక్ష గడిలో పరగడుపునా, తిని వెళ్లవచ్చా అన్నది కూడా రాయండి. ఫాస్టింగ్ షుగరుకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. రెండు మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. థైరాయిడ్ పరీక్ష రోజున ఆ పూట మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోమని సాధారణంగా చెబుతారు. ఈ చిన్న మాట గడిలో లేకపోతే పొద్దున్నే కాఫీ తాగేసి, ల్యాబు దాకా వెళ్లి వెనక్కి రావడమే.

ఇప్పుడు చిట్టా. ఎలాంటిది కొనాలి అని అడుగుతారు. కొట్లోనే నాలుగు పరీక్షలు పెట్టండి. మధ్యకు తెరిచి బల్ల మీద పెట్టి చెయ్యి తీసేయండి. దానంతట అది మూసుకుంటే వద్దు. కీళ్లవాతం ఉన్నవాళ్లకు పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు వదలవు. ఆ వేళ్లతో ఒక చేత్తో పుస్తకాన్ని అదిమిపట్టి ఇంకో చేత్తో రాయడం కుదిరే పని కాదు. రెండోది బరువు. ఏ5 సైజు, అంటే 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 పొడవు ఉన్న కాగితం, 70 జీఎస్ఎంది (అంటే చదరపు మీటరుకు 70 గ్రాములు), ఒక్కోటి రమారమి 2.2 గ్రాములు తూగుతుంది. రోజుకో పేజీ చొప్పున ఏడాది డైరీ అంటే 190 కాగితాలు వేసుకోండి, కాగితమే 415 గ్రాములు. పైన గట్టి అట్ట. పడుకుని చేత్తో ఎత్తి పట్టుకోవాల్సిన వస్తువు అది. మూడోది, మీ పెన్నుతోనే రాసి చూడండి. బాల్‌పెన్నుకు ఒత్తిడి కావాలి, వేళ్లు నొప్పి పుడతాయి. జెల్ పెన్ను నొక్కకుండానే రాస్తుంది, కాని పలచటి కాగితమైతే సిరా వెనక్కి దిగుతుంది. పెన్ను సన్నగా ఉంటే దాని చుట్టూ గుడ్డ పట్టీ చుట్టుకోండి, పట్టు దొరుకుతుంది. నాలుగోది గీతల ఎడం. షుగరు వల్ల చూపు తగ్గినవాళ్లకు 8 మిల్లీమీటర్లకు తక్కువ ఎడం ఉన్న రూళ్లు పనికిరావు.

ఈ నాలుగూ నెగ్గే పుస్తకం కొట్లో దొరికితే మంచిదే. చాలాసార్లు దొరకదు. మేము చెప్పేది మూడు నెలలకొక పలచటి పుస్తకం, మీరే చేసుకునేది. మూడు నెలలే ఎందుకంటారా? హెచ్‌బీఏ1సీ చూపించేది దాదాపు గత రెండు మూడు నెలల షుగరును, మందు మారుస్తున్నప్పుడు ఆ పరీక్ష మూడు నెలలకోసారి చేయిస్తారు. చాలా జబ్బులకు డాక్టరును కలిసే వరస కూడా సుమారు అంతే. కాబట్టి ఒక పుస్తకం, ఒక విడత. పాడైతే మూడు నెలలదే పాడవుతుంది.

చేసే విధానం జాగ్రత్తగా వినండి, రాసుకోండి. ఒక ఏ4 కాగితం అడ్డంగా పెట్టండి. నడిమికి ఒక గీత. ఎడమ సగం, కుడి సగం, ఒక్కోటి ఏ5 పేజీ. ఎడమ సగంలో పైన 10 మిల్లీమీటర్లు వదిలి, శీర్షికకు 15 మిల్లీమీటర్లు, దాని కింద 25 మిల్లీమీటర్ల చొప్పున ఏడు వరసలు, సోమవారం నుంచి ఆదివారం దాకా. కింద మళ్లీ 10 మిగులుతుంది. వెడల్పులో నడిమి గీత వైపు 12, బయటి అంచు వైపు 8 వదిలితే 128 మిల్లీమీటర్లు దక్కుతాయి. దాన్ని అయిదు నిలువు గడులు చేయండి: తేదీకి 18, ఓపిక అంకెకు 15, నిద్ర గంటలకు 15, షుగరు, బీపీ లాంటి కొలతకు 30, మిగిలిన 50 మాటల్లో రాసేదానికి. తేదీలు అచ్చు వేయకండి, వారం పేరు చాలు.

కుడి సగం పనులకు. పైన "తప్పదు" అని మూడే మూడు గీతలు. దాని కింద "వీలైతే" అని అయిదు. దాని కింద "వేరేవాళ్లకు" అని మూడు. అట్టడుగున "డాక్టరును అడగాలి" అని ఒక ఖాళీ గడి. వారానికి తప్పనివి మూడేనా అని నవ్వుతున్నారు. నాలుగోది రాయాలంటే ముందు దాన్ని "వేరేవాళ్లకు" గడిలో పెట్టగలమా అని చూడాలి, అందుకే నాలుగో గీత లేదు.

ఈ కాగితాన్ని జిరాక్సు కొట్టుకు పట్టుకెళ్లి, 75 జీఎస్ఎం కాగితం మీద ఆరు షీట్లు రెండువైపులా, ఒక షీటు ఒకవైపే తీయించండి. రెండువైపులా తీసేటప్పుడు "షార్ట్ ఎడ్జ్ మీద తిప్పండి" అని చెప్పడం మరిచిపోవద్దు, లేకపోతే వెనకవైపు తలకిందులుగా వస్తుంది. ఒకవైపే అచ్చయిన షీటును, ఖాళీవైపు కిందికి ఉండేలా అన్నిటికంటే అడుగున పెట్టి, మొత్తం ఏడూ కలిపి నడిమికి మడవండి. మడత మీద రెండు పిన్నులు. ఇంట్లో ఉండే స్టేప్లరు నడిమి దాకా అందదు, కొట్లో పొడుగుచేతి స్టేప్లరు ఉంటే సరే, లేకపోతే సూది దారంతో మూడు కుట్లు వేస్తే సరిపోతుంది. 28 పేజీల పుస్తకం వచ్చింది. లోపల ఎదురెదురు పేజీలు సరిగ్గా పదమూడు వారాలు. బయటి రెండు పేజీలు ఖాళీ, వాటి పని తర్వాత చెబుతాను. బరువు 33 గ్రాములు. చొక్కా జేబులో పట్టదు గాని దిండు కింద పడుతుంది.

ఓపిక అంకె గురించి. ఆసుపత్రుల్లో నొప్పి ఎంత, సున్నా నుంచి పది వరకు చెప్పండి అంటారు. ఆ పూట అడగడానికి అది బాగుంటుంది. తల మబ్బుగా ఉన్న రోజున ఇది ఆరా, ఏడా అని తేల్చుకోవడమే ఒక పని అవుతుంది. మనకు నాలుగు అంకెలు చాలు, అవి కూడా ఏమి చేయగలిగాం అన్నదాన్ని బట్టి. 0 అంటే మామూలుగా తిరిగాను. 1 అంటే పని అయింది, మధ్యమధ్యలో ఆగి. 2 అంటే స్నానం, తిండి, నా సొంత పనులే. 3 అంటే మంచం దిగలేదు. రాత్రి పడుకునే ముందు ఒక్క అంకె. 3 వేసిన రోజున ఇంకేమీ రాయనక్కర్లేదు, ఆ ఒక్క అంకెతో ఆ రోజు లెక్క పూర్తయింది.

3 వచ్చిన రోజున ఒక పని చేయండి, ఆ రోజు కాకపోతే మర్నాడు. రెండు వరసలు పైకి చూడండి. ఎంఈ సీఎఫ్ఎస్ అనే తీవ్ర అలసట జబ్బు ఉన్నవాళ్లకు, కోవిడ్ తర్వాత నీరసం వదలని కొందరికి, శ్రమ దెబ్బ ఆ రోజే తగలదు. మామూలుగా 12 నుంచి 48 గంటల తర్వాత పడేస్తుంది. బుధవారం మంచాన పడితే బుధవారం ఏం తిన్నామో వెతుకుతాం. కారణం సోమవారం వరసలో, "పెళ్లికి వెళ్లాం, మూడు అంతస్తులు ఎక్కాం" అని ఉంటుంది. రెండు నెలలు గడిస్తే ఎన్ని మెట్లు ఎక్కితే పడిపోతామో పుస్తకమే చెబుతుంది. బాగున్న రోజున నాలుగు రోజుల పని ఒక్కసారే చేసి, తర్వాత నాలుగు రోజులు పడుకోవడం అన్నది ఈ జబ్బుల్లో అందరూ చేసే పొరపాటు. సంక్రాంతికి ఇల్లు దులపడం ఒక్కరోజు పని అని ఏ పంచాంగంలోనూ రాయలేదు.

డయాలసిస్ వాళ్లకు ఈ పేజీ వేరుగా నడుస్తుంది. వారానికి రెండో మూడో విడతలు, ఒక్కోటి దాదాపు నాలుగు గంటలు, ప్రయాణం అదనం. ఆ రోజుల వరసలను ముందే పెన్సిలుతో కొట్టేయండి, ఆ రోజు ఇంకో పని లేదు. కొలత గడిలో బరువు రాయండి, రోజూ ఒకే తూకం యంత్రం మీద, పొద్దున్నే.

మాటల్లో రాసే గడికి ఒకే నియమం: మామూలుగా జరిగినవి రాయవద్దు, తేడా వచ్చినవి రాయండి. మందు వేసుకున్నాను అని రోజూ మూడుసార్లు టిక్కు పెట్టడం వారం తర్వాత యాంత్రికం అవుతుంది. వేసుకోకుండానే టిక్కు పెట్టేస్తాం, లేదా వేసుకుని టిక్కు మరిచి రెండోసారి వేసుకుంటాం. రెండోది ప్రమాదం. వారానికి ఏడు రోజులు, రోజుకు మూడు నాలుగు అరలు ఉన్న మాత్రల డబ్బా దీనికి మందు. అర ఖాళీ అయితే వేసుకున్నట్టే, పుస్తకం అక్కర్లేదు. అర నిండుగానే ఉండిపోతే ఆ ఒక్కటి చిట్టాలో రాయండి. కొన్ని మాత్రలు మాత్రం తేమ తగిలితే పాడవుతాయి, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ అలాంటిదే. వాటిని స్ట్రిప్పులోంచి తీయకుండా, రేకుతో సహా కత్తిరించి అరలో వేయండి.

రెండు మందులకు ఈ సడలింపు లేదు. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, ఎన్నింటికి అన్నది ప్రతిసారీ రాయాలి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల్లో మజ్జ దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. ఆ వారం పేరును గోడ క్యాలెండరులో నెల పొడుగునా గుండ్రంగా చుట్టండి, వేసుకున్నాక ఆ సున్నాను నింపేయండి. దానితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ ఏ రోజున అన్నది డాక్టరు చీటీ చూసి వేరే గుర్తుతో పెట్టండి.

మైగ్రేన్ ఉన్నవాళ్లకు గోడ క్యాలెండరే అసలు చిట్టా. నొప్పి మాత్ర వేసుకున్న ప్రతి రోజునా ఒక చుక్క పెట్టండి. ట్రిప్టాన్లు (మైగ్రేన్‌కని ఇచ్చే మాత్రలు), రెండు మూడు మందులు కలిసిన నొప్పి మాత్రలు నెలకు పది రోజులు, పారాసిటమాల్ లాంటి ఒంటరి మందులు పదిహేను రోజులు, ఇలా మూడు నెలలకు పైగా సాగితే ఆ మాత్రల వల్లే తలనొప్పి మొదలవ్వవచ్చు. ఆరో చుక్క పడగానే డాక్టరును కలవాలన్న సంగతి గుర్తు రావాలి.

ఇక మందులు ఎప్పుడు అయిపోతాయి అన్న లెక్క. ఇది ఎవరూ వేయరు, అందరూ రాత్రి తొమ్మిదింటికి ఖాళీ స్ట్రిప్పు చూసుకుంటారు. చేతిలో ఉన్న మాత్రల్ని రోజు వాడకంతో భాగించండి, వచ్చిన రోజుల్లోంచి ఏడు తీసేయండి. జనవరి 4న మీ దగ్గర 45 మాత్రలు ఉన్నాయి, రోజుకు రెండు. ఇరవై రెండున్నర రోజులు, అంటే 26 పొద్దుటి దాకా. ఏడు తీస్తే 19. క్యాలెండరులో 19వ గడిలో "మందులు" అని రాయండి. ఊరికెళ్లే పండగలు మధ్యలో ఉంటే ఇంకా ముందుకు జరపండి. స్ట్రిప్పులు పదివి, పదిహేనువి రెండూ ఉంటాయి, ఒకే డబ్బాలో కలిపి లెక్క పెట్టకుండా స్ట్రిప్పులను బట్టి అంచనా వేస్తే తప్పు పోతారు. కొట్లో సగం స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చినప్పుడు గడువు తేదీ ఉన్న చివర వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆ తేదీ అడిగి బిల్లు మీద రాయించుకోండి, ఇంటికి వచ్చాక ఆవర్జాలో ఎక్కించండి. బిల్లు వేడితో అచ్చయ్యే కాగితం, కొన్నాళ్లకు తెల్లబడిపోతుంది. ఈసీజీ కాగితం కూడా చాలావరకు అంతే, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా చెరిగిపోవచ్చు. వచ్చిన రోజే జిరాక్సు తీయించండి.

ఆవర్జా అంటే రెండు రంధ్రాల ఫైలు. మొదటి కాగితం ఇప్పుడు వాడుతున్న మందులు. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే చాలదు, లోపలి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, ఎప్పటి నుంచి, ఏ డాక్టరు, దేనికి. బీపీ మాత్ర పేరు చివర ఏఎం అని ఉంటే సాధారణంగా అమ్లోడిపిన్ కలిసిందని, హెచ్ అని ఉంటే హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిందని అర్థం. ఆ చివరి అక్షరం వదిలేసి చదివితే వేరే మందు ఇంటికొస్తుంది. వేళలు కూడా ఈ కాగితం మీదే తేల్చుకోవాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. కాల్షియం, ఐరన్ మాత్రలు దానికి నాలుగు గంటల ఎడంలో. అంటే ఆరింటికి థైరాయిడ్, ఏడింటికి కాఫీ, కాల్షియం మధ్యాహ్నం భోజనంతో.

రెండో కాగితం, ఆపేసిన మందులు, ఎందుకు ఆపారు. దద్దుర్లు వచ్చాయా, కడుపులో మంటా, ఖరీదా. కొత్త డాక్టరుకు ఈ కాగితం అన్నిటికంటే విలువైనది. ఆ తర్వాత పరీక్షకు ఒక పేజీ: తేదీ, అంకె, ఏ ల్యాబు, అప్పుడు ఏ మందు వాడుతున్నారు. ల్యాబు మారితే మామూలు హద్దులు కొంచెం మారతాయి, అందుకే ల్యాబు పేరు. ఆ వెనక రిపోర్టులు, కొత్తది పైన. అట్ట లోపలివైపు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు నకలు, ఆభా (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకున్నవాళ్లు ఆ 14 అంకెలు.

ఇప్పుడు చిట్టాలో ఖాళీగా వదిలిన రెండు పేజీలు. ముందు పేజీ బాగాలేని రోజుకు, మీరు కాదు, ఇంకొకరు చదివేలా రాసేది. ఎవరికి ఫోను చేయాలి, ఇద్దరి నంబర్లు. ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడని మందులు. చాలారోజులుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. వాంతులైనా, తినలేకపోయినా ఇన్సులిన్ సొంతంగా మానేయకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున షుగరు, బీపీ మాత్రల్లో వేటిని ఆపాలి, వేటిని తగ్గించాలి అన్నది బాగున్నప్పుడే డాక్టరును అడిగి ఈ పేజీలో వాళ్ల మాటగా రాసుకోవాలి. ఆ రోజు ఆలోచించే పని ఉండకూడదు.

చివరి పేజీ డాక్టరుది. లోపల మీకు దొరికేది కొద్ది నిమిషాలు, మీరు చెప్పబోయేది మూడు నెలలది. మూడు రోజుల ముందు మొదలుపెట్టండి. గత విడత తర్వాత ఏం మారింది, నాలుగు వరసల్లో. 2, 3 అంకెల రోజులు ఎన్ని. ఏ మందు ఎన్నిసార్లు తప్పింది, ఎందుకు. ఇది సిగ్గుపడకుండా రాయాలి, లేకపోతే మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచుతారు. ప్రశ్నలు మూడే. పదమూడు వారాల "అడగాలి" గడుల్లోంచి ఏరిన మూడు. బయటికి వచ్చాక ఆటో ఎక్కకముందే అక్కడే బెంచీ మీద కూర్చుని వాళ్లు చెప్పింది రాసేయండి. ఇంటికొచ్చేసరికి "పావు బిళ్ల తగ్గించమన్నారా, సగమా" అని ఇద్దరు రెండు మాటలు చెబుతారు.

బీపీని మూడు నెలలూ రోజూ కొలవనక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఏడు రోజులు చాలు. పొద్దున, సాయంత్రం, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి అయిదు నిమిషాలు కూర్చున్నాక, నిమిషం ఎడంతో రెండుసార్లు. అరగంట ముందు కాఫీ వద్దు. మొదటి రోజువి వదిలేసి మిగిలిన 24 అంకెల సగటు రాయండి. పన్నెండు గడుల పట్టికలు గీసి రోజూ ప్రతి లక్షణాన్నీ కొలిచేవాళ్లకు జబ్బు కంటే కొలతే ఎక్కువైపోతుంది. ఒళ్లంతా ఎక్కడ నొప్పి ఉందా అని వెతుక్కుంటూ ఉంటే దొరక్కపోదు. కొత్త మందు మొదలుపెట్టిన రెండు వారాలు వివరంగా రాయండి, తర్వాత అంకెకు వచ్చేయండి.

రాయని రోజులు వస్తాయి. పదిరోజులు ఖాళీ పడినా సరే, చివర రాసిన దాని కింద ఒక గీత గీసి, ఇవాళ్టి తేదీ వేసి మొదలుపెట్టండి. గుర్తు తెచ్చుకుని పాతవి పూరించవద్దు. ఇవాళ ఒళ్లు బాగుంటే గత వారమంతా బాగున్నట్టే గుర్తుకొస్తుంది, బాగాలేకపోతే వారమంతా నరకమే. అలా పూరించిన అంకెలు చూసి డాక్టరు మందు మార్చేస్తే నష్టం మీకే.

మన ఊరి ఎండల సంగతి ఒక మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, క్యాలెండరులో ఆ కార్తె అచ్చువేసే ఉంటుంది, మే చివర్లో మొదలవుతుంది. ఆ పక్షం రోజులకు "తప్పదు" గడిలోని బయటి పనుల్ని ఉదయం తొమ్మిదిలోపు పెట్టుకోండి లేదా కార్తె వెళ్లాకకు తోసేయండి. తెరిచిన ఇన్సులిన్ చాలా రకాలకు 28 రోజులే గడువు, అదీ చల్లటి చోట ఉంటే. మీదెంతో లోపలి కరపత్రంలో చూడండి. మే 3న తెరిస్తే సీసా మీద ఆ తేదీ, క్యాలెండరులో 31న "పారేయాలి" అని రాయండి. కార్తీకమాసం ఉపవాసాలు, రంజాన్ రోజాలు కూడా ముందే తెలిసిన తేదీలే. నెల ముందు డాక్టరును కలిసేలా ఒక గడి గుర్తు పెట్టుకోండి. కార్తీక సోమవారం పొద్దున్న ఫోను చేసి అడిగితే లాభం లేదు.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

ఫోనులో యాప్ వాడకూడదా అంటున్నారు. వాడండి, వేళకే పడాల్సిన మందులకు ఫోను మోగడమే మేలు. కాని రోజుకు మూడు అలారాలకు మించి పెట్టవద్దు. ఎనిమిది మోగితే చూడకుండానే ఆపేయడం చెయ్యికి అలవాటైపోతుంది. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా సెట్టింగు యాప్‌ల గుర్తుచేతల్ని ఆపేస్తుంది, ఫోనుతో వచ్చిన గడియారం అలారం నమ్మకమైనది. అలారానికి "మందు" అని కాకుండా "భోజనంతో కాల్షియం" అని పేరు పెట్టండి. మైగ్రేన్ వచ్చినప్పుడు తెర వెలుగు చూడలేరు, వాళ్లకు కాగితమే.

ఇటువైపు అమ్మాయి అడిగింది, ఇంట్లో వచ్చేపోయే చుట్టాలు ఉంటారు, సంబంధాలు చూస్తున్నారు, గోడ మీద జబ్బు రాయలేం కదా అని. రాయక్కర్లేదమ్మా. ఆసుపత్రి రోజుకు చుక్క, రక్తపరీక్షకు అడ్డగీత, మందులకు త్రిభుజం. చూసినవాళ్లు పాలవాడి లెక్క అనుకుంటారు. గుర్తుల అర్థం మాత్రం చిట్టా ముందు పేజీలో రాసి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచు.

వెనక నుంచి పెద్దాయన: మా ఆవిడ చిట్టా నేను రాస్తున్నాను, ఫరవాలేదా? రాయండి, కాని నీలం సిరాతో ఆవిడ చెప్పింది, పెన్సిలుతో మీరు చూసింది. ఆవిడ 1 అని చెప్పి, మీరు చూసింది 2 అయితే రెండూ ఉండనివ్వండి, కొట్టేయకండి. అంకె ఆవిడనే అడగండి. ఆవిడ నిద్రపోయాక వేయవద్దు.

జిరాక్సు కాగితం కొలతలు మళ్లీ చెప్పమంటున్నారు. నడిమి గీత వైపు 12, బయటి అంచుకు 8. శీర్షిక 15, వరస 25, ఏడు వరసలు. గీసిన నమూనా కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. రెండువైపులా తీయించాక మొదటి షీటు ఒకటి మడిచి చూసి, తిరగబడలేదని తేలాకే మిగిలినవి తీయమనండి.